చివరి మడికీ నీరు

నాగార్జున సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. కుడి కాలువకు జవహర్ కాలువ అనీ, ఎడమ కాలువకు లాల్‌బహదూర్ కాలువ అనీ పేర్లు వచ్చాయి. ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలలోని మెట్ట భూములు మాగాణులయ్యాయి. అయితే కాలువ కింద సేద్యం చేసే ప్రతి రైతుకూ తెలిసిన సత్యం ఒకటున్నది. జలాశయం నిండినంత మాత్రాన ప్రతి మడీ తడవదు. తూముకు దగ్గరగా ఉన్న పొలానికి నీరు ముందుగా అందుతుంది. చివరి ఆయకట్టు రైతు కళ్ళలో వత్తులు వేసుకొని ఎదురు చూడాలి. అందుకే నీరు తక్కువైన సంవత్సరాలలో వంతుల పద్ధతి పాటించి చివరి భూములకు నీరందిస్తారు.

విద్య కూడా ఇటువంటి ప్రవాహమే. పాఠశాలలు, కళాశాలలు ఊరూరా వెలసినంత మాత్రాన చదువు అందరికీ సమానంగా అందుతుందని భావించరాదు. తరగతి గది తలుపులు మూసిన తరువాత, వేసవి సెలవులు వచ్చిన తరువాత ఏ విద్యార్థికి ఏమి లభిస్తున్నది అన్నది కూడా ముఖ్యమైన ప్రశ్నే. ఆ ఖాళీ సమయాన్ని ఉన్నత విద్యకు సోపానంగా మలచడానికి ఏర్పడినవే సాయంకాల అధ్యయన తరగతులు, వేసవి శిబిరాలు, వారధి శిక్షణలు.

పదవ తరగతి దాటి ఇంటర్మీడియట్‌లో చేరడం పైకి ఒక మెట్టు ఎక్కినట్లే కనిపిస్తుంది. నిజానికి అది ఒక వాగు దాటడం వంటిది. గణితశాస్త్రంలో త్రికోణమితి విస్తరిస్తుంది. సదిశలు కొత్తగా ఎదురవుతాయి. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి నిన్నటి దాకా తెలిసిన 'కిరణజన్య సంయోగక్రియ' మరుసటి నాటికి 'ఫోటోసింథసిస్' అవుతుంది. విషయం తెలిసినా పేరు తెలియక మౌనంగా కూర్చుంటాడు. ఆ మౌనాన్ని అధ్యాపకుడు అజ్ఞానమని భావించవచ్చు. విద్యార్థి తన అసమర్థత అని నమ్మవచ్చు. రెండూ పొరపాట్లే. లోపించినది తెలివి కాదు, వారధి.

తల్లిదండ్రులు చదువుకున్నవారైతే ఈ లోటు కొంత ఇంటిలోనే తీరుతుంది. ఏ గ్రూపు తీసుకోవాలి, ఏ ప్రవేశ పరీక్ష రాయాలి, కౌన్సెలింగులో కళాశాలలను ఏ వరుసలో ఎంచుకోవాలి అన్న సంగతులు భోజనాల వేళ మాటలలోనే తెలిసిపోతాయి. వంశంలో మొదటిసారిగా కళాశాల గడప తొక్కిన విద్యార్థికి ఇవేవీ తెలియవు. ఇంజనీరింగు, వ్యవసాయ, ఫార్మసీ కోర్సుల ప్రవేశ పరీక్ష ఒకప్పుడు ఎంసెట్. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుండి, తెలంగాణలో 2024 నుండి దానికి ఈఏపీసెట్ అని పేరు మారింది. వైద్య విద్యకు నీట్ రాయాలి. ఆదాయ ధ్రువీకరణ పత్రం సకాలంలో చేతికి రాకపోతే ఉపకార వేతనం చేజారవచ్చు. ఇవన్నీ పాఠ్యపుస్తకాలలో లేని పాఠాలు.

అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో 1982లో ఒకటవ తరగతిలో చేరిన పిల్లల చదువును జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చాలా సంవత్సరాలు పరిశీలించారు. పాఠశాల నడిచే కాలంలో పేద పిల్లలూ, సంపన్నుల పిల్లలూ ఇంచుమించు సమానంగా ముందుకు సాగారనీ, వేసవిలో మాత్రం పేద పిల్లలు వెనుకబడ్డారనీ వారు తెలిపారు. దీనిని వారు కుళాయితో పోల్చారు. బడి ఉన్నప్పుడు కుళాయి అందరికీ తెరిచి ఉంటుంది. సెలవులలో అది కట్టివేయబడుతుంది. ఇంటిలో పుస్తకాలూ, వసతులూ ఉన్నవారికి మరొక ధార ఉంటుంది. ఈ వ్యత్యాసం ఎంత అన్న విషయంలో తరువాతి పరిశోధకులు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చారు. అయినప్పటికీ సెలవులలో అందరికీ ఒకే విధమైన ఆసరా ఉండదన్నది మన గ్రామాలను చూసినా తెలుస్తుంది. ఒకరికి వేసవి అంటే శిక్షణ తరగతులు. మరొకరికి వేసవి అంటే కూలి పని.

ఈ అంతరాన్ని తగ్గించడానికి అమెరికా ప్రభుత్వం 1960వ దశకం మధ్యలో 'అప్‌వర్డ్ బౌండ్' అనే పథకాన్ని ప్రారంభించింది. ఉన్నత పాఠశాల విద్యార్థులకు బడి వేళల తరువాత బోధన, వేసవిలో కొన్ని వారాలపాటు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో నివాసం, కళాశాల దరఖాస్తులలో సహాయం దీనిలోని ముఖ్యాంశాలు. పేద కుటుంబాల పిల్లలకూ, ఇంటిలో మొదటితరంగా కళాశాలకు వెళ్ళేవారికీ ఇందులో ప్రాధాన్యం ఉంటుంది.

మన ప్రాంతంలో ఈ ఆలోచన గురుకులాల రూపం ధరించింది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1971లో, నాటి నల్లగొండ జిల్లాలోని సర్వేల్ గ్రామంలో తొలి గురుకుల పాఠశాల ప్రారంభమైంది. ఆ గురుకుల ఉద్యమం క్రమంగా కళాశాల స్థాయికి విస్తరించింది. సాగర్ కుడి గట్టున విజయపురి సౌత్‌లో గురుకుల జూనియర్ కళాశాల, డిగ్రీ కళాశాల వెలిశాయి. ప్రవేశ పరీక్షలో ప్రతిభ చూపిన గ్రామీణ విద్యార్థులకు ఇక్కడ చదువు, వసతి, భోజనం లభించాయి. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత రెండు రాష్ట్రాలలో గురుకుల సంస్థలు వేర్వేరుగా నడుస్తున్నాయి.

గురుకులం బలం తరగతి గదిలో మాత్రమే లేదు. వేకువజామున చదువు, సాయంత్రం ఆటలు, రాత్రి అధ్యాపకుని పర్యవేక్షణలో అధ్యయనం అక్కడి దినచర్య. సందేహం కలిగినప్పుడు అడగడానికి మనిషి దగ్గరలో ఉంటాడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కళాశాలలకు చుట్టుపక్కల గ్రామాల నుండి వచ్చే విద్యార్థికి ఈ అవకాశం తక్కువ. తరగతులు ముగియగానే ఊరికి బస్సు అందుకోవాలి. పరీక్షలు దగ్గరపడే రోజులలోనే మిరప కోతలు వస్తాయి. పగటి చదువుకు తోడుగా రాత్రి చదువు ఉండాలంటే దీపంతోపాటు తీరిక కూడా కావాలి.

ఈ తీరిక లేనివారి కోసం కృషి చేసిన వారిలో ఆచార్య శాంతా సిన్హా ప్రముఖులు. వారి నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1990వ దశకంలో రంగారెడ్డి జిల్లాలో పనిలో మగ్గుతున్న పిల్లలను శిబిరాలకు రప్పించి, వారధి తరగతులు నడిపి, వయస్సుకు తగిన తరగతిలో చేర్పించింది. 2003లో ఆమెకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. గణిత అధ్యాపకులు చుక్కా రామయ్య పదవీ విరమణ అనంతరం హైదరాబాదులోని నల్లకుంటలో ఐ.ఐ.టి. ప్రవేశ శిక్షణ ప్రారంభించారు. ఆ తరగతులు తెల్లవారుజామునే మొదలయ్యేవి. సూత్రాన్ని బట్టీ పట్టడం కంటే అది ఎలా పుట్టిందో తెలుసుకోవడం మిన్న అన్నది ఆయన బోధన సారాంశం. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాలు వేసవిలో 'సమ్మర్ సమురాయ్' పేరిట శిబిరాలు నిర్వహించాయి. ఆ గురుకులాలలో చదివిన మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్ళు నిండకముందే, 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించింది. అవకాశం చివరి మడికి చేరితే పంట ఎలా ఉంటుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అయితే ఎక్కువ గంటల చదువంతా మంచి చదువు కాదు. పైరుకు నీరు ఎంత అవసరమో, నిలువ నీరు అంత ప్రమాదకరం. వేకువ నుండి అర్ధరాత్రి వరకు ఆటపాటలు లేకుండా, ర్యాంకులే పరమార్థంగా సాగే శిక్షణ ఎందరో విద్యార్థులను కుంగదీసింది. వసతి కళాశాలలలో విద్యార్థుల ఆత్మహత్యలు ఆందోళన కలిగించగా, 2001లో ఆచార్య నీరదారెడ్డి అధ్యక్షతన ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. అదనపు తరగతి ఆసరా కావాలి గాని, బరువు కాకూడదు. నిద్ర, ఆట, ఇంటివారితో మాట అన్నవి చదువుకు అడ్డంకులు కావు; ఊపిరులు. మనస్సు భరించలేనంత బరువెక్కినప్పుడు అధ్యాపకునితోనో, తల్లిదండ్రులతోనో, మిత్రునితోనో చెప్పుకోవడం పిరికితనం కాదు, వివేకం.

మంచి వారధి శిక్షణకు నాలుగు లక్షణాలు ఉండాలి. మొదటిది, గత తరగతులలో మిగిలిపోయిన లోటును గుర్తించి పూరించడం. రెండవది, తెలిసిన విషయానికి కొత్త భాషలో పేరు నేర్పడం. మూడవది, దరఖాస్తులు, ధ్రువపత్రాలు, కోర్సుల ఎంపిక గురించి సకాలంలో తెలియజెప్పడం. నాలుగవది, తప్పు చెప్పినా నవ్వని వాతావరణం కల్పించడం. ఈ నాలుగింటిలో గొప్ప ధనంతో కొనవలసినది ఒక్కటీ లేదు. సాయంత్రం మరొక గంట తెరిచి ఉంచిన కళాశాల గ్రంథాలయం, ఆ తరువాత ఊరికి చేర్చే ఒక బస్సు, ఓపిక గల ఒక అధ్యాపకుడు ఉంటే చాలు.

మరొక వనరు మీ చేతిలోనే ఉన్నది. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం విద్యార్థికి మొదటి సంవత్సరం కష్టాలు ఇంకా గుర్తుంటాయి. సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు పదవ తరగతి పూర్తి చేసిన నలుగురు పిల్లలను పంచాయతీ అరుగు మీదనో, బడి వరండాలోనో కూర్చోబెట్టి, ఈ దారి ఎక్కడ మలుపు తిరుగుతుందో చెప్పగలిగినవారు మీరే. సాగర్ కాలువను వేలాది శ్రామికులు తట్టలతో మట్టి మోసి నిర్మించారు. కాని కాలువలోని నీటిని తన మడి దాటించి పక్క మడికి వదిలే పని మాత్రం ఏ రైతుకు ఆ రైతే చేయాలి. చదువు విషయంలోనూ అంతే.