మద్యవిముక్తి - తోటివారి తోడు

మద్యపానం వల్ల కలిగే చేటును మన ప్రాచీన వాఙ్మయం ఏనాడో గుర్తించింది. మహాభారతం ఆదిపర్వంలో శుక్రాచార్యుడు తన శిష్యుడైన కచుని బూడిదను సురతో పాటు తాగి, తెలివి వచ్చిన పిదప సురాపానాన్ని మహాపాతకంగా శాసించాడు. మౌసలపర్వంలో ద్వారకానగరమంతటా మద్యం తయారు చేయరాదని, చేసినవారికి మరణదండన తప్పదని చాటింపు వేయించారు. అయినప్పటికీ యాదవులు ప్రభాసతీర్థంలో తప్పతాగి, పరస్పరం కలహించి నశించారు. కట్టడి ఎంత కఠినమైనదైనా తాగాలనే కోరిక దానిని దాటిపోయింది.

ఆధునిక కాలంలో కాళ్ళకూరి నారాయణరావు ‘మధుసేవ’ నాటకం ద్వారా ఈ దుర్వ్యసనాన్ని ఖండించాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించగా, ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. ఫలితంగా ఆంధ్రప్రదేశ్‌లో 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చాయి. సంపూర్ణ నిషేధాన్ని 1997లో సడలించారు. అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకొంటున్న పల్లె స్త్రీలు సాధించిన ఆ విజయం సామాన్యమైనది కాదు. కాని తన ఊరిలో దుకాణం మూతపడితే వ్యసనపరుడు పొరుగూరికి నడిచిపోతాడు. అతనికి కావలసిన సాయం వేరు.

అతడు మానాలని అనుకోడని కాదు. బిడ్డ తలపై చేయి వేసి ఒట్టు పెట్టుకొంటాడు. అయ్యప్ప మాల ధరించి నలభై ఒక్క రోజులు నిష్ఠగా ఉంటాడు. మాల తీసిన కొద్ది రోజులకే మళ్ళీ సీసా పట్టుకొంటాడు. చూసేవారు దీనిని గుణలోపమంటారు. వైద్యులు వ్యాధి అంటారు. అమెరికన్ వైద్యసంఘం 1956లోనే ఈ వ్యసనాన్ని చికిత్స అవసరమైన వ్యాధిగా గుర్తించింది. నింద ఎవరి వ్యాధినీ నయం చేయలేదు కదా!

ఈ వ్యాధికి తోటి వ్యాధిగ్రస్తుడే ఆసరా కాగలడన్న సంగతి 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో తేలింది. న్యూయార్కుకు చెందిన బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి పనిమీద అక్కడికి వెళ్ళి విఫలుడయ్యాడు. అతడు తాగుడు మాని అప్పటికి ఐదారు నెలలే అయింది. హోటలులో ఒకవైపు పానశాల, మరొకవైపు టెలిఫోను. అంతకుముందు అతడు ఎందరో తాగుబోతులకు హితవు చెప్పాడు. వారెవరూ మానలేదు గాని, చెప్పినంతకాలం తాను మాత్రం తాగలేదు! ఆ విషయం గుర్తుకు వచ్చి టెలిఫోను వైపు నడిచాడు. తనవంటి మరొకరి కోసం వెదకగా, బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుని పరిచయం లభించింది. పదిహేను నిమిషాలకు మించి కూర్చోనన్న ఆ వైద్యుడు గంటల తరబడి మాట్లాడాడు. ఎదుటివాడు ఉపదేశం చేయలేదు. తన కథ తాను చెప్పుకొన్నాడు. 1935 జూన్ 10న బాబ్ చివరిసారిగా తాగాడు. ఆ రోజునే ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ సంస్థ జన్మదినంగా పాటిస్తారు. భారతదేశంలో ఈ సంస్థ 1957లో ప్రారంభమయింది.

దీని సభలు సాధారణంగా బడి గదుల్లోనో, చర్చి ఆవరణల్లోనో, ఆసుపత్రుల్లోనో జరుగుతాయి. స్త్రీలు, పురుషులు ఎవరైనా చేరవచ్చు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. రుసుము లేదు. చివర పళ్ళెం తిప్పితే సభ్యులు తోచినంత వేస్తారు. బయటివారి విరాళాలు స్వీకరించరు. ఇంటిపేరు, ఉద్యోగం, కులం అడగరు. ఒక్కొక్కరు లేచి పేరు చెప్పి, తాను మద్యవ్యసనపరుడనని ఒప్పుకొని, తన అనుభవాన్ని వివరిస్తారు. మధ్యలో ఎవరూ అడ్డు తగలరు, సలహాలివ్వరు. మన రచ్చబండ మీద ఇంతటి మౌనం ఊహించడం కష్టమే! అక్కడ విన్నది బయట చెప్పరాదన్నది నియమం. జన్మంతా తాగనని ప్రతిజ్ఞ చేయమని ఎవరూ కోరరు. ఈ ఇరవై నాలుగు గంటలు తాగకుండా ఉండడమే లక్ష్యం. రేపటి సంగతి రేపు చూసుకొంటారు. కొన్ని సభలకు బంధువులు కూడా రావచ్చు. వ్యసనపరుల కుటుంబాల కోసం 1951లో ‘అల్-అనాన్’ అనే సంస్థ వేరుగా ఏర్పడింది.

సభ ఎక్కడ జరుగుతుందో తెలుసుకోవడానికి ఆసుపత్రిలోని వ్యసనవిముక్తి కేంద్రాన్ని అడగవచ్చు. మత్తు వ్యసనాల విషయంలో సలహా కోసం కేంద్రప్రభుత్వం 14446 అనే ఉచిత ఫోను నంబరును నిర్వహిస్తున్నది. అయితే ఒక జాగ్రత్త అవసరం. ఏళ్ళ తరబడి అధికంగా తాగినవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ, మతిభ్రమణం కలిగి ప్రాణాపాయం ఏర్పడవచ్చు. అటువంటివారు ముందుగా వైద్యుని కలవాలి. సభ చికిత్సకు బదులు కాదు.

ఈ సంస్థ సూచించే పన్నెండు మెట్లలో దైవప్రస్తావన ఉన్నది. ఆ దైవాన్ని ఎవరి భావన ప్రకారం వారు గ్రహించవచ్చునని ఆ మెట్లే చెబుతున్నా, అది రుచించనివారూ ఉంటారు. ఈ మార్గం అందరికీ పనిచేస్తుందని చెప్పలేము. కాని 27 అధ్యయనాలను పరిశీలించి 2020లో వెలువడిన కోక్రేన్ సమీక్ష, మద్యానికి పూర్తిగా దూరంగా ఉంచడంలో ఈ పద్ధతి ఇతర చికిత్సలతో సమానంగానో, అంతకంటె మెరుగుగానో ఉన్నదని తేల్చింది.

మొదటిసారి వచ్చినవాడు తరచు తలవంచుకొని చివరి వరుసలో కూర్చుంటాడు. ఆ రోజు మాట్లాడకపోయినా ఎవరూ తప్పు పట్టరు. సభ ముగిశాక పాత సభ్యుడొకడు పక్కకు వచ్చి, తన ఫోను నంబరు కాగితం మీద రాసి ఇస్తాడు. తాగాలనిపించినప్పుడు, గ్లాసు ముట్టకముందే, ఎంత రాత్రివేళయినా ఫోను చేయమంటాడు.