కాకతాళీయమా, కారణమా?

1957వ సంవత్సరమున ఉగాండా దేశమునందలి కంపాలా నగరములో, ములాగో ఆసుపత్రియందు శస్త్రవైద్యుడుగా నున్న డెనిస్ బర్కిట్‌కు తోడి వైద్యుడొకరు ఒక బాలుని చూపిరి. ఐదేండ్లవాడు. పై దవడయు, క్రింది దవడయు రెండు ప్రక్కల వాచి, పండ్లు కదలి, ముఖము గుర్తింపరాకుండెను. చీము పట్టిన వాపు నాలుగు చోట్ల ఒకేసారి పుట్టుట అరుదు. కొలది వారములకు జింజా పట్టణపు ఆసుపత్రి కిటికీనుండి చూచుచుండగా అట్టి ముఖమే గల మరియొక బిడ్డ కనబడెను. ఒక రోగిని చూచి ఆశ్చర్యపడుట ఎల్లరకు సహజమే. రెండవ రోగి కనబడగానే పాత రికార్డుల కట్టలు విప్పుట మాత్రము అందరు చేయు పని కాదు. బర్కిట్ ఆ పని చేసెను.

1961లో ఆయన ఇద్దరు మిత్రులతో పాతకారులో పదివేల మైళ్లు తిరిగి, దారిలోని ఆసుపత్రులలో విచారించి, ఒక పటము గీచెను. ఎత్తైన చల్లని ప్రదేశములలో ఈ వ్యాధి లేదు. వేడియు తేమయు గలచోట నున్నది. అది మలేరియా దోమ తిరుగు నేల.

ఆ యేడే లండనులో బర్కిట్ ప్రసంగమును విన్న ఆంథొనీ ఎప్‌స్టీన్, దీనికి వైరసు మూలమై యుండునని తలచి, కంపాలానుండి గడ్డల ముక్కలను విమానముపై తెప్పించుకొనెను. రెండేండ్లు ఏమియు దొరకలేదు. 1963 డిసెంబరులో పొగమంచువలన విమానము మాంచెస్టరుకు మరలి, పొట్లము ఆలస్యముగా చేరెను. సీసాలోని ద్రవము మసకబారియుండెను. చెడిపోయినదని పారవేయక ఒక బొట్టు పరీక్షింపగా, గడ్డనుండి విడివడిన సజీవకణములు అందు తేలుచుండెను! వానినే పెంచి, 1964లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో వైరసును చూచిరి. ఎప్‌స్టీన్, ఈవన్ బార్‌ల పేర్లు దానికి వచ్చినవి. మూడవవాడైన బర్ట్ అచాంగ్ పేరు రాలేదు. లోకములో ఇట్టివి జరుగుచునే యుండును.

చిక్కు ఇక్కడ మొదలగుచున్నది. ఈ వైరసు ప్రపంచములోని పెద్దలలో నూటికి తొంబదిమందికి పైగా ఉన్నది. పసితనమున సోకినచో తెలియనైన తెలియదు. యౌవనమున సోకినచో కొందరికి గొంతునొప్పి, మెడలో బిళ్లలు, జ్వరము వచ్చి పోవును. మరి కాకి వాలగా తాటిపండు రాలినట్లు, ఇదియు కాకతాళీయమేనా?

మన తార్కికులు కారణమును ఒక్క ముద్దగా చూడలేదు. కుండకు మన్ను వేరు, కుమ్మరి వేరు, సారె వేరు. ఇక్కడను అంతే. వైరసు తెల్లకణములలోని బి లింఫోసైటులలో చేరి దాగియుండును. మాటిమాటికి వచ్చు మలేరియా ఆ కణములను తెగ విభజింపజేయుచు, వానిపై కాపలాయుండు టి కణముల పట్టును సడలించును. అట్టి విభజనలో 8వ క్రోమోజోము తునుక తెగి, చాలవరకు 14వ దానికి అతుకుకొనుటతో, మిక్ అను జన్యువు కళ్లెము త్రెంచుకొనును. చావవలసిన ఆ కణమును చావనీయకుండుటలో వైరసు తోడ్పడును. ఈ మూడును ఒక బిడ్డయందే కలియుట అరుదు. అందుచేతనే వైరసు అందరికి, లింఫోమా కొందరికి.

అయినను ఆఫ్రికాలోని ఈ గడ్డలలో దాదాపు అన్నిటియందు వైరసు కనబడగా, ఐరోపా, అమెరికాలలోని అదే వ్యాధియందు పలుమార్లు కనబడదు. అచటివారికి సారె వేరు కాబోలు! 1997లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధనసంస్థ ఈ వైరసును కాన్సరు కారకముల మొదటి తరగతిలో చేర్చినది.

ఈ గడ్డ ఎంత వేగముగా పెరుగునో మందుకు అంత వేగముగా కరగును. 1960 దశకముననే బర్కిట్ కొలదిపాటి మందులతో కొందరు బిడ్డల ముఖములు మరల మామూలగుట చూచెను. నేడు సంపన్నదేశములలో ఈ వ్యాధి సోకిన బిడ్డలలో నూటికి సుమారు తొంబదిమంది బ్రతుకుచున్నారు. వ్యాధిని మొదట గుర్తించిన ఆఫ్రికాలో అంతమంది బ్రతుకుట లేదు. మందు తెలియక కాదు. బిడ్డ ఆసుపత్రికి చేరుసరికి ఆలస్యమగుచున్నది, చేరినను మందు పూర్తిగా అందుట లేదు.