మూసీ పుట్టింట ఒక పూట

రైలు లింగంపల్లి స్టేషనులో ఆగగానే, కునికిపాట్లు పడుతున్న మా బావమరిది ఉలిక్కిపడి లేచాడు. "బావా, మీ ఊరొచ్చింది, దిగవేం?" అన్నాడు. బాగ్ లింగంపల్లి వేరు, ఈ లింగంపల్లి వేరు అని చెప్పి కూర్చోబెట్టేసరికి పెట్టెలో వాళ్ళంతా నవ్వారు. మేము పోతున్నది వికారాబాదుకు. అక్కడినుంచి ఆటోలో అనంతగిరి గుట్టలకు.

ఈ ప్రయాణం మా అమ్మ కోసం. ఆమెకు డెబ్బై అయిదేళ్ళు. చాదర్‌ఘాట్ వంతెన ఎప్పుడు దాటినా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మొహం అటు తిప్పుకుంటుంది. వాసన ఒక్కటే కారణం కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టెక్కి సుమారు నూటయాభైమంది బతికారని నేటికీ చెప్పుకుంటారు. ఆ వరదలో మా అమ్మ అమ్మమ్మ, పదమూడేళ్ళ పిల్ల, తమ్ముణ్ణి పోగొట్టుకుంది. మా ఇంట మూసీ పేరు ఎత్తేవారు కారు. అలాటిది మొన్న అమ్మే అడిగింది: "అది పుట్టిన జాగ ఒక్కసారి చూపిస్తవా, బిడ్డా?"

అనంత పద్మనాభస్వామి గుడి ముందు చెప్పులు విడిచి, దర్శనం చేసుకున్నాం. కాలయవనుణ్ణి చూపుతోనే భస్మం చేసిన ముచుకుందుడు ఈ కొండల్లోనే తపస్సు చేశాడనీ, ఆయన పేరే మూసీకి వచ్చిందనీ స్థలపురాణం. గుడి దిగువనుంచి బాట అడవిలోకి దిగి, వాగు దాటి, గుట్ట వీపు మీదుగా చుట్టి మళ్ళీ గుడికే చేరుతుంది.

వానాకాలం వెళ్ళిన కొత్త. టేకు, తునికి, మోదుగ, మధ్య మధ్య సీతాఫలం చెట్లు. కింద వాగు కనిపించింది. మా చిన్నవాడు ఒక్క గంతులో దాటేశాడు. "నానమ్మా, ఇదేనా మూసీ?" అన్నాడు. అమ్మ మాట్లాడలేదు. ఒంగి దోసిట నీళ్ళు పట్టి, చాలాసేపు చూసి, నెమ్మదిగా వదిలింది.

ఇక్కడ సన్నగా పుట్టిన ఈ ధార సుమారు 240 కిలోమీటర్లు పోయి, నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908 వరద తరువాత విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, ఆయన సలహా మీదే దీనికి గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్ కట్టారు, 1920లో పూర్తయింది. దీని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో వచ్చింది. చంపిన నదే అలా ఊరికి తాగునీరిచ్చింది.

గుట్ట ఎక్కుతూ పిల్లవాడు చిప్సు కాగితం పొదలోకి విసిరాడు. అమ్మ ఆగిపోయింది.

"తియ్యి. అది ఏడికి పోతదనుకున్నవు? వాగులకు, ఆడికెల్లి గండిపేటకు. మళ్ళ మనోళ్ళు తాగే నీళ్ళల్లకే గద!"

వాడు ముళ్ళు గీరుకుంటున్నా తీసి జేబులో పెట్టుకున్నాడు.

పైకి చేరితే వరసగా గుట్టలు, ఒకదాని వెనక ఒకటి, దూరం పోయినకొద్దీ నీలంగా. తెచ్చిన పులిహోర అక్కడే తిన్నాం. తిరుగుదారిలో కాలిబాటలు రెండుగా చీలాయి. నేను పెద్దమనిషి తరహాగా ఎడమ దారి పట్టించాను. పావుగంట నడిస్తే బాటే లేదు! వాగు వెంట పోదామన్నాడు బావమరిది. వాగు పోయేది గుడికి కాదు, కిందికి. పొద్దు వాలుతోంది. అంతలో పైన గుడిగంట మోగింది. చప్పుడు పట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచి చీలిక దగ్గరకు చేరాం. అమ్మ అలసిపోయింది, నాకు సిగ్గేసింది.

అందుకే వెళ్ళేవారికి ఒక మాట: పొద్దున్నే బయలుదేరండి. అటవీశాఖవారు పోనిచ్చే బాట విడవకండి. దారి తెలిసిన స్థానికుణ్ణి వెంటబెట్టుకోండి. నీళ్ళు తీసుకుపోండి, ఖాళీ సీసాలు వెనక్కి తీసుకురండి.

మరునాడు మలక్‌పేట పోతూ చాదర్‌ఘాట్ వంతెన ఎక్కాం. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది గాని, మొహం తిప్పుకోలేదు.

"అంత ముద్దుగ పుట్టిన పిల్లను," అంది నల్లటి నీళ్ళకేసి చూస్తూ, "ఇట్ల చేసింది మనమే గద బిడ్డా!"