జోస్యం చెప్పిన హీరో అవసరమా?

ఫాంటసీ నవలలు నాలుగు చదివిన పిల్లలకు ఐదో దానిలో ఏం జరుగుతుందో ముందే తెలిసిపోతుంది. ఎప్పుడో ఎవరో చెప్పిన జోస్యం ఒకటి ఉంటుంది. అందులోని మనిషి తానేనని హీరోకి కాస్త ఆలస్యంగా తెలుస్తుంది. హారీ పోటర్ తర్వాత ఈ పద్ధతి మరీ స్థిరపడిపోయింది. దక్షిణాసియా మూలాలున్న రచయితలు దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడే చిక్కు వస్తుంది. ఎవరు గొప్పవారో పుట్టుకే తేల్చేస్తుందన్నది ఇంగ్లండ్ పాఠకుడికి కథలో ఒక చమత్కారం. కులం ఉన్న చోట అది చమత్కారం కాదు.

రోషణి చోక్షి రాసిన ‘ఆరు షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్’ (2018) ఈ చిక్కు జోలికి పోదు. అమెరికాలోని అట్లాంటాలో, తల్లి పనిచేసే మ్యూజియంలోనే ఉండే పన్నెండేళ్ల ఆరు, తోటి పిల్లల ముందు గొప్పకు పోయి ముట్టుకోకూడని దీపం వెలిగిస్తుంది. దాంతో ఓ రాక్షసుడు మేల్కొంటాడు. పాండవుల ఆత్మలు ఈసారి ఆడపిల్లలుగా పుట్టాయని తేలుతుంది. నవ్వులకు కొదవ లేదు, అబద్ధాలాడే ఆరు భలే నచ్చుతుంది. కానీ పాండవులు ఆడపిల్లలయ్యారే తప్ప, ఎవరికి ఆయుధం దక్కాలో తేల్చేది మళ్లీ పుట్టుకే.

పాకిస్తానీ అమెరికన్ రచయిత్రి సబా తాహిర్ ‘యాన్ ఎంబర్ ఇన్ ది యాషెస్’ (2015)లో దారి వేరు. రోమన్ సామ్రాజ్యాన్ని తలపించే లోకం అది. ఓడిపోయిన జాతి పిల్ల లాయా, సైనికులు అన్నను పట్టుకెళ్తుంటే భయంతో పారిపోతుంది. ఆ సిగ్గే ఆమెను తర్వాత సైనిక అకాడమీలో బానిసగా, వేగుగా చేరేలా చేస్తుంది. ఆమె సాహసానికి మూలం జోస్యం కాదు, తన పిరికితనం తనకు గుర్తుండటం. టీనేజ్ పాఠకులు ఈ పుస్తకాన్ని పట్టుకుంటే వదలకపోవడానికి ప్రేమకథ కంటే ఇదే పెద్ద కారణం కావచ్చు. హింస మాత్రం ఎక్కువే.

పుట్టుక ప్రశ్నను నేరుగా ఎదుర్కొన్నది శ్రీలంక రచయిత వజ్ర చంద్రశేఖర. ఆయన తొలి నవల ‘ది సెయింట్ ఆఫ్ బ్రైట్ డోర్స్’ (2023)కు నెబ్యులా అవార్డు వచ్చింది. హీరో పేరు ఫెటర్, అంటే సంకెల. బుద్ధుడి కుమారుడు రాహులుడి పేరుకు బౌద్ధ సంప్రదాయం చెప్పే అర్థాల్లో అదీ ఒకటి. పుట్టగానే తల్లి అతని నీడను వేరుచేసి, తండ్రిని చంపడానికే పెంచుతుంది. ఆ తండ్రి జనం కొలిచే మతగురువు. వేరే రచయిత చేతిలో ఇది పగ కథ అయ్యేది. ఇక్కడ ఫెటర్ ఇల్లు వదిలి లూరియట్ నగరం చేరుకుని, తనలాగే ఎంపికై కూడా కాకుండా మిగిలిపోయిన వాళ్లు కలుసుకునే బృందంలో చేరతాడు. ఏ జోస్యానికీ అక్కర్లేని మనుషులు ఒకచోట కూర్చుని కష్టసుఖాలు చెప్పుకోవడం సరదాగానూ ఉంటుంది, గుండె పట్టేస్తుంది కూడా.

ఆ నగరంలో కొన్ని తలుపులు ఒకసారి మూతపడ్డాక ఇక తెరుచుకోవు. వాటికంటే భయపెట్టేవి వీధుల్లో ఊచకోతలు, నిర్బంధ శిబిరాలు, మనుషులను జాతులవారీగా విడదీసే కాగితాలు. మతం, ప్రభుత్వం చేతులు కలిపితే ఏం జరుగుతుందో శ్రీలంక చరిత్ర తెలిసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. శిబిరం దగ్గర కథ బాగా నెమ్మదిస్తుంది. ముగింపు కొందరికి మింగుడు పడదు.

ఎంపిక కాని హీరో తెలుగువారికి కొత్తేమీ కాదు. ‘పాతాళభైరవి’ (1951)లో తోటరాముడు తోటమాలి కొడుకు. అతన్ని ఏరి కోరి ఎంచుకున్నది దేవుడు కాదు, బలి ఇవ్వడానికి సాహసవంతుడి కోసం వెతుకుతున్న మాంత్రికుడు.

పదేళ్ల వాళ్లకు ఆరు షా ఇవ్వొచ్చు. పదిహేనేళ్లు దాటితే లాయా కథ సరిపోతుంది. చంద్రశేఖర పుస్తకం పెద్దల కోసం రాసింది, అదీ ఓపిక ఉన్నవాళ్ల కోసం.