గొట్టం ఎంత పొడుగుండాలి?

మా మేనమామగారిది చోరనూరు. బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలో ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, సంతలో రెండూ కలిసిన భాష. చుట్టూ కొండలు, మెట్టచేలు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అక్కడికి వెళ్ళడమంటే నాకు రెండు ఆకర్షణలు: అత్తయ్య చేసే జొన్నరొట్టె, మామ రైఫిలు. మొదటిది ఎంతైనా తినొచ్చు. రెండోదాన్ని ముట్టుకోకూడదు.

మామ రెండేళ్ళ క్రితం కాలం చేశారు. లైసెన్సుదారు చనిపోతే ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్లో గాని, లైసెన్సున్న డీలరు దగ్గర గాని డిపాజిట్ చేయాలి. డిపాజిట్ అనగానే ఆ పని నా నెత్తిన పడింది. బ్యాంకు ఉద్యోగికి ఇంటా బయటా తప్పని సంగతే కదా! మర్నాడు బయలుదేరాలనగా మా బావమరిది పెట్టెలోంచి రైఫిలు తీసి కొలతపట్టీ పట్టుకున్నాడు.

"బావా, దీని మూతి నాలుగంగుళాలు కోయిస్తే ఎట్లుంటుంది? జీపులో పెట్టుకొనేదానికి సుఖం. వెల్డింగ్ షాపులో అరగంట పని. లైసెన్సు నా పేరుకు వచ్చినాక మళ్ళీ తెచ్చుకునేది ఎట్లా ఉంది కదా."

నేను ఉలిక్కిపడ్డాను. 1959 నాటి ఆయుధాల చట్టం 6వ సెక్షను ప్రకారం ప్రత్యేక లైసెన్సు లేకుండా తుపాకి గొట్టాన్ని పొట్టి చేయడం నేరం. తుపాకి మనదే కదా అంటే కుదరదు. ఆ మాటే చెప్పాను. కాని వాడికి చట్టంతో తృప్తి కలగలేదు. "పొడుగు తుపాకి వల్లనే కదా నాయన చావు తప్పించుకునింది?" అన్నాడు. వాడి మాటలో నిజం లేకపోలేదు.

మామ యువకుడుగా ఉన్నప్పుడు పంట కాపలాకు మందు కూరి పేల్చే నాటు తుపాకి ఉండేది. నిలబెడితే మనిషి ఛాతీ దాకా వచ్చేదట. ఒక తెల్లవారుజామున వేరుశనగ చేను గట్టున నడుస్తుంటే తుమ్మపొదలోంచి ఎలుగుబంటి లేచింది. మామ తుపాకి తిప్పబోతే గొట్టం కొస ముళ్ళకొమ్మల్లో ఇరుక్కుంది. దాన్ని లాగేలోగా ఎలుగు మీదపడి భుజం చీరింది. వెనకున్న జీతగాళ్ళు కేకలు వేస్తే పారిపోయింది. ఆ మచ్చలు చొక్కా తీసినప్పుడల్లా మేము చూసినవే. ఎలుగుబంట్లకు ఆ సీమ పేరుపొందినదే. దరోజి దగ్గర వాటికోసమే 1994లో అభయారణ్యం పెట్టారు.

ఆ తరువాతే మామ మద్రాసులో ఈ రైఫిలు కొన్నారు. పాయింట్ 30-06, గొట్టం 24 అంగుళాలు. మరి ఎలుగు దెబ్బ తిన్న మనిషి ఇంకా పొట్టిది ఎందుకు కొనలేదు? ఈ ప్రశ్న నేనే ఒకసారి ఆయన్ని అడిగాను. "అల్లుడూ, గొట్టం పొడుగు రూపాయి లాంటిది. ఎక్కువైతే మోయలేవు, తక్కువైతే చాలదు" అని నవ్వేశారు. ఆయన చెప్పకుండా వదిలేసిందాన్ని తరువాత పుస్తకాలు చదివి నేను పూరించుకున్నాను.

పల్లెల్లో ఒక నమ్మకం ఉంది, గొట్టం ఎంత పొడుగైతే గుండు అంత దూరం పోతుందని. నాటు తుపాకుల కాలంలో అది కొంతవరకు నిజమే. నల్లమందుతో గుండును తోయడానికి పొడుగు గొట్టం పనికొచ్చేది. ఆధునిక తూటా సంగతి వేరు. గుండు పొందే వేగంలో ఎక్కువ భాగం మొదటి అంగుళాల్లోనే వచ్చేస్తుంది. ఆ తరువాత ప్రతి అంగుళానికీ లాభం తగ్గుతూ పోతుంది. బి.కాం.లో క్షీణ ప్రతిఫల న్యాయం చదివినప్పుడు పొలానికి ఎరువు వేసే ఉదాహరణ చెప్పారు. తుపాకి గొట్టం ఉదాహరణ చెప్పి ఉంటే ఇంకా బాగా గుర్తుండేది!

లెక్క చూడండి. ఈ రకం రైఫిళ్ళలో అంగుళానికి సుమారు 20 నుంచి 30 అడుగుల వేగం తేడా వస్తుంది. 24 అంగుళాల గొట్టం నుంచి గుండు సెకనుకు 2,700 అడుగుల వేగంతో వెళ్తే, 20 అంగుళాల దాని నుంచి 2,600కు అటూ ఇటూగా వెళ్తుంది. వందకు నాలుగు వంతులు తగ్గిందన్నమాట. యాభై గజాల్లో అడవిపందికి ఆ తేడా తెలియదు.

అయితే మా బావమరిది గెలిచినట్లేనా? కాదు. మామ రైఫిలుకు దూరదర్శిని లేదు, ఇనుప గురిచూపులే. వెనకచూపుకూ మూతి దగ్గరి ముందుచూపుకూ మధ్య దూరం ఎంత ఎక్కువైతే గురి అంత నిక్కచ్చిగా ఉంటుంది. ఆ దూరం 500 మిల్లీమీటర్లనుకోండి. కంటి పొరపాటు ఒక్క మిల్లీమీటరైతే నూరు మీటర్ల దగ్గర 20 సెంటీమీటర్లు తప్పుతుంది. దూరం 400 మిల్లీమీటర్లకు తగ్గితే అదే పొరపాటు 25 సెంటీమీటర్లవుతుంది. గాయపడి తిరగబడ్డ పందికీ చచ్చిన పందికీ మధ్య తేడా ఆ ఐదు సెంటీమీటర్లే కావచ్చు. గొట్టం కోస్తే ముందుచూపు కూడా దానితోపాటే పోతుంది. పైగా మూతి అంచు సమంగా, నునుపుగా ఉండాలి. రంపంతో కోసిన అంచు దగ్గర గ్యాసు ఒక పక్క ముందుగా తప్పించుకొని గుండును పక్కకు నెడుతుంది. చప్పుడూ మంటా చెవికి, కంటికి దగ్గరవుతాయి.

కాబట్టి పొట్టి గొట్టం తప్పు కాదు. కొనేనాడు పొట్టిది ఎంచుకోవడం వేరు, ఉన్నదాన్ని వెల్డింగ్ షాపులో కోయించడం వేరు.

ఈ బేరం సైన్యాలకూ తప్పలేదు. బ్రిటిష్ వారి పాత లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు గొట్టం 30.2 అంగుళాలు, గుర్రపు దళానికి ఇంచుమించు 21 అంగుళాల పొట్టి తుపాకి వేరే ఉండేది. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం అనుభవం తరువాత, 1900ల తొలి ఏళ్ళలో, అందరికీ ఒకటే చాలని 25.2 అంగుళాల దగ్గర ఆగారు. అదే ఇషాపూర్ కర్మాగారంలో తయారై మన పోలీసుల భుజాల మీద దశాబ్దాల పాటు కనిపించిన త్రీనాట్‌త్రీ. తిరుపతి దగ్గరి చామల లోయలో తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ చేతి .405 వించెస్టర్‌కు కూడా 24 అంగుళాలే. రాతి గుట్టలు, ముళ్ళపొదలు, మధ్యమధ్య బయలు ఉండే మన సీమకు 22-24 అంగుళాలు సరిపోతాయని నా అభిప్రాయం. చిక్కటి పొదల్లోనే తిరిగేవాడికి 20 చాలు. మైదానంలో దూరపు గురికైతే 26 పెట్టుకోవచ్చు.

"పెట్టుకోవచ్చు" అన్నాను గాని, ఇక్కడ వేట ఎప్పుడో ముగిసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను బిగించింది, 1991 సవరణ ఆ తలుపు దాదాపు మూసేసింది. ఈ లెక్కలతో నిజంగా పని పడేది విదేశాల్లో ఉన్న మన పిల్లలకు. హ్యూస్టన్‌లో ఉంటున్న మా చెల్లెలి కొడుకు ఈమధ్య ఫోన్ చేసి ఇదే అడిగాడు. టెక్సస్‌లో అడవిపందుల బెడద ఎక్కువ. 2019 నుంచి, భూమి యజమాని అనుమతి ఉంటే, వాటికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. వాడు వాడేది దూరదర్శిని ఉన్న రైఫిలు, గురిచూపుల గొడవ లేదు గనుక 20 అంగుళాలది తీసుకోమన్నాను. 16 అంగుళాల కంటే పొట్టి రైఫిలుకు అక్కడి ఫెడరల్ చట్టంలో వేరే రిజిస్ట్రేషన్ ఉంది, జాగ్రత్త. ఇంకో మాట: వాడికి గ్రీన్ కార్డుంది. తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకి ఉంచుకోవడమే అక్కడ నిషేధం. చెల్లే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. స్నేహితుడి తుపాకి సరదాకి పట్టుకునే ముందు మన పిల్లలు ఇది తెలుసుకోవాలి.

మా బావమరిది ఆ రాత్రి నేను కాగితం మీద వేసిన లెక్కలు చూసి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత గొట్టానికి నూనె రాసి, గుడ్డ చుట్టి పెట్టాడు. మర్నాడు ఇద్దరం వెళ్ళి డీలరు దగ్గర రసీదు తీసుకున్నాం. 2016 నియమాల ప్రకారం వారసుడిగా వాడు లైసెన్సుకు దరఖాస్తు పెట్టాడు. ఇంకా రాలేదు.

ఈ ఏడు కూడా చేనుకు పందులు వచ్చాయట. అత్తయ్య పాత చీరలన్నీ తీసి గట్ల చుట్టూ కట్టించింది. రాత్రి గాలికి అవి రెపరెపలాడితే పందులు సగం రోజులు రావడం లేదని, మిగతా సగం రోజులు తను టార్చి పట్టుకొని గట్టు మీదే ఉంటున్నానని బావమరిది ఫోన్లో చెప్పాడు. తుమ్మపొదల వైపు మాత్రం పోవద్దని చెప్పాను.