చుక్కాని చెడిన వేళ పరిహారం దయా? హక్కా?

భిలాయి-3: ముంబై-హౌరా రైలు మార్గం మీద, రాయ్‌పూర్-దుర్గ్ నగరాల నడుమ ఉన్న ఈ ఊరికి సముద్రం లేదు, లాంచీలు తిరిగే నది లేదు. ఇక్కడి బతుకంతా ఉక్కుతో, రైల్వే యార్డుతో, లారీలతో ముడిపడి ఉంది. అయినా మోటారు బోటు ప్రమాదాల ప్రస్తావన ఇక్కడివారికి సంబంధం లేనిది కాదు. సెలవు దొరికితే ధమ్తరి సమీపంలో మహానదిపై నిర్మించిన గంగ్రేల్ జలాశయానికి వెళ్ళి బోటు ఎక్కే కుటుంబాలు ఉన్నాయి. కొలువుల కోసం తరలివచ్చి ఈ ఉక్కు పట్టణంలో స్థిరపడిన తెలుగువారు స్వస్థలాలకు వెళ్ళినప్పుడు గోదావరిపై పాపికొండల విహారానికి బయలుదేరడమూ కద్దు. టికెట్టు ధర అడిగేవారే గాని, ఆ బోటుకు బీమా ఉన్నదా, దాని చుక్కానిని ఈ ఏడాది ఎవరైనా పరీక్షించారా అని అడిగేవారు అరుదు.

అడగకపోవడం వల్ల కలిగే నష్టం ప్రమాదం జరిగిన తర్వాతే తెలుస్తుంది. 2024 ఏప్రిల్ 19న ఒడిశాలోని ఝార్సుగూడ జిల్లాలో మహానదిపై పడవ మునిగి 8 మంది మరణించారు. దైవదర్శనం చేసుకుని తిరిగివస్తున్న ఆ ప్రయాణికులలో పలువురు ఛత్తీస్‌గఢ్‌లోని ఖర్సియా ప్రాంతానికి చెందినవారే. అంతకు మూడు నెలల ముందు, జనవరి 18న, గుజరాత్‌లోని వడోదరలో హర్ణి చెరువుపై విహారపు బోటు తలకిందులై 12 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు ప్రాణాలు కోల్పోయారు. చెరువే కదా అన్న ధీమాకు ఆధారం లేదని ఆ ఘటన రుజువు చేసింది.

అదుపు తప్పిన యంత్రాలు

యంత్రం మాట వినకపోతే ఏమవుతుందో 2024 డిసెంబర్ 18న ముంబై రేవులో కనిపించింది. ఇంజను పరీక్షలు జరుపుతున్న నౌకాదళపు వేగబోటు ఒకటి అదుపు తప్పి, ఎలిఫెంటా దీవికి వెళుతున్న 'నీల్ కమల్' అనే ప్రయాణికుల బోటును ఢీకొట్టింది. ఇంజనులో తలెత్తిన లోపం వల్లే అదుపు తప్పిందని నౌకాదళం ప్రకటించింది. ఆ దుర్ఘటనలో మృతుల సంఖ్య 15కు చేరింది. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కో మృతుని కుటుంబానికి 5 లక్షల రూపాయలు, ప్రధానమంత్రి సహాయ నిధి నుంచి 2 లక్షల రూపాయలు ప్రకటించారు.

తెలుగునాట జరిగిన ఘోరాలు ఇంకా మరుపునకు రాలేదు. 2017 నవంబర్ 12న కృష్ణా నదిలో ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద, అనుమతి లేకుండా తిరిగిన ఒక ప్రైవేటు బోటు బోల్తాపడి 22 మంది మృతిచెందారు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద 'రాయల్ వశిష్ఠ పున్నమి' వరద ప్రవాహంలో అదుపు తప్పి మునిగినప్పుడు అందులో 77 మంది ఉన్నారు. ప్రాణాలతో బయటపడినవారు 26 మంది మాత్రమే. మునిగిన బోటును అక్టోబర్ 22న గాని ఒడ్డుకు చేర్చలేకపోయారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మృతుల కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది.

ఎక్స్‌గ్రేషియా అంటే దయతో ఇచ్చేది. ప్రభుత్వం ఇంత అని ప్రకటిస్తే అంత; ప్రకటించకపోతే నిలదీసి అడిగే అవకాశం స్వల్పం. బీమా పరిహారం అలాంటిది కాదు. అది ఒప్పందం వల్ల, చట్టం వల్ల సంక్రమించే హక్కు. అయితే ఆ హక్కు నిలబడేదీ వీగిపోయేదీ ప్రమాదం నాటి సంఘటనల కంటె, ప్రమాదానికి ముందు బోటు యజమాని చేసిన, చేయని పనులను బట్టి ఎక్కువగా ఉంటుంది.

చుక్కాని ఎందుకు చెడుతుంది?

పెద్ద లాంచీలలో సరంగు తిప్పే చక్రం గొలుసుల ద్వారానో, చమురు పీడనం ద్వారానో బోటు అడుగున ఉన్న చుక్కానిని కదుపుతుంది. వెనుక బిగించిన ఇంజనుతో నడిచే చిన్న వేగబోట్లకు వేరే చుక్కాని ఉండదు. చక్రం తిప్పితే ఒక కేబుల్ ఇంజనునే అటూ ఇటూ మళ్ళిస్తుంది. ఆ కేబుల్ తుప్పు పట్టినా, గ్రీజు ఎండి బిగుసుకుపోయినా, గొట్టంలో చమురు కారి గాలి చొరబడినా, చుక్కాని ఇరుసును పట్టి ఉంచే పిన్ను విరిగినా చక్రం తిరుగుతుంది గాని బోటు తిరగదు. చాలా సందర్భాలలో ఈ లోపం హఠాత్తుగా పుట్టుకు రాదు. చక్రం బరువెక్కడం, వదులుగా ఆడడం, చమురు మరకలు కనిపించడం వంటి సూచనలు ముందే ఉంటాయి.

నడి నీటిలో స్టీరింగ్ చెడితే మొదట చేయవలసింది వేగం తగ్గించడం. ఆపైన లంగరు దించడం, ప్రయాణికులు ఒకే వైపునకు చేరకుండా చూడడం ముఖ్యం. రెండు ఇంజనులున్న బోటును వాటి వేగాలను హెచ్చుతగ్గులు చేసి కొంతవరకు మళ్ళించవచ్చు. వేగబోటు నడిపేవారు ఇంజనును ఆపే తాడును శరీరానికి కట్టుకుంటే, వారు నీటిలో పడిన మరుక్షణం ఇంజను ఆగిపోతుంది. ఖర్చు తక్కువైన ఈ జాగ్రత్తే ఎక్కువగా ఉపేక్షకు గురవుతోంది.

చట్టం ఏమంటుంది?

భిలాయి లారీ యజమానులకు బీమాలోని రెండు భాగాలు కొత్తవి కావు. ఒకటి సొంత వాహనానికి కలిగే నష్టానికి, రెండవది ఇతరులకు కలిగించిన నష్టానికి. బోట్లకూ ఇదే విభజన వర్తిస్తుంది. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 నాటి దేశీయ నౌకల చట్టం 2022 జూన్ 7న అమలులోకి వచ్చింది. దీని ప్రకారం యంత్రంతో నడిచే బోట్లకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, సిబ్బందికి అర్హతా పత్రాలు, బీమా తప్పనిసరి. చట్టం కేంద్రానిదే అయినా అమలు చేయవలసింది రాష్ట్రాలు. కచ్చులూరు దుర్ఘటన అనంతరం ఆంధ్రప్రదేశ్‌లో బోట్ల రాకపోకలను పర్యవేక్షించేందుకు 2020 జూన్‌లో 9 కంట్రోల్ రూములను ప్రారంభించారు.

సొంత బోటు నష్టానికి సంబంధించిన మూలసూత్రాలు 1963 నాటి సముద్ర బీమా చట్టంలో ఉన్నాయి. 55వ సెక్షన్ ప్రకారం సరంగు అజాగ్రత్త ఉన్నంత మాత్రాన బీమా సంస్థ చేతులు దులుపుకోవడానికి వీలులేదు. అదే సెక్షన్ కింద వాడకం వల్ల సహజంగా కలిగే అరుగుదలకు మాత్రం పరిహారం లేదు. 41వ సెక్షన్ మరింత కీలకమైనది. ఏడాది పాలసీ తీసుకున్న యజమాని, బోటు ప్రయాణానికి పనికిరాని స్థితిలో ఉన్నదని తెలిసీ దానిని నీటిలోకి పంపితే, ఆ లోపం వల్ల కలిగిన నష్టాన్ని బీమా సంస్థ భరించనక్కరలేదు. అంటే తెగిన కేబుల్ కన్నా, అది తెగబోతున్నదని యజమానికి తెలుసా అన్న ప్రశ్నకే విలువ ఎక్కువ.

మోటారు వాహనాల కేసులలో న్యాయస్థానాలు అనుసరిస్తున్న సూత్రం కూడా దీనికి దగ్గరగానే ఉన్నది. యంత్రలోపం వల్ల ప్రమాదం జరిగిందని చెబితే చాలదు. తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నా ఆ లోపం బయటపడేది కాదని యజమానే రుజువు చేసుకోవాలి.

వేగబోట్లకు మరికొన్ని ఆంక్షలు ఉన్నాయి. లండన్ బీమా సంస్థలు 1985లో రూపొందించిన ఇన్‌స్టిట్యూట్ యాట్ క్లాజులు అనేక దేశాలలోని పాలసీలకు నమూనాగా ఉన్నాయి. 17 నాట్లకు, అంటే గంటకు సుమారు 31 కిలోమీటర్లకు మించిన వేగంతో వెళ్ళగల బోట్లకు వాటిలో ప్రత్యేక నిబంధన ఉన్నది. బోటు కదులుతున్నంతసేపు యజమాని గాని, సమర్థుడైన మరొకరు గాని దాని అదుపు చేతిలో ఉంచుకోవాలి. అలలు, గాలివాన వల్ల గాని, మరో పడవనో రేవుకట్టనో కాక వేరే వస్తువును తాకడం వల్ల గాని చుక్కాని, ప్రొపెల్లర్ దెబ్బతింటే పరిహారం రాదు. మునిగి ఉన్న మొద్దుకు తగిలి చుక్కాని విరిగిందని క్లెయిము పెట్టుకున్న యజమాని, ఈ వాక్యాన్ని పాలసీలో అప్పుడే మొదటిసారి చదివితే ప్రయోజనం లేదు.

విరిగిన ముక్కే సాక్ష్యం

ప్రమాదం జరిగిన వెంటనే బీమా సంస్థకు లిఖితపూర్వకంగా తెలియజేయడం మొదటి మెట్టు. ప్రాణనష్టం, గాయాలు జరిగితే పోలీసులకు ఫిర్యాదు, పంచనామా అవసరం. తరువాత నష్టం పెరగకుండా బోటును కాపాడుకోవడం యజమాని విధి అని 78వ సెక్షన్ చెబుతోంది. ఒడ్డుకు లాగి కట్టివేయడానికి అయిన న్యాయమైన ఖర్చును, పాలసీలో అందుకు వీలు కల్పించి ఉంటే, తిరిగి కోరవచ్చు. కాని సర్వేయరు చూడకముందే మరమ్మతు చేయించడం, తెగిన కేబుల్‌ను, విరిగిన పిన్నును పాత ఇనుము కింద అమ్మివేయడం క్లెయిముకు చేటు. విరుపు కొత్తదా, ఏళ్ళ తరబడి తుప్పు తిన్నదా అన్నది ఆ ముక్కే చెప్పాలి. సర్వే సర్టిఫికెట్, సరంగు అర్హతా పత్రం, మరమ్మతు బిల్లులు, ప్రయాణికుల జాబితా సిద్ధంగా ఉంచుకోవాలి. బోటుతో పాటే కాగితాలూ మునిగిపోకుండా ఒక ప్రతి ఒడ్డున ఉండాలి.

బీమా సంస్థ తిరస్కరిస్తే దారులు మూసుకుపోయినట్లు కాదు. మొదట ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజులలో సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం తృప్తినివ్వకపోయినా ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. వ్యక్తులకు, చిన్న వ్యాపారులకు అందుబాటులో ఉన్న ఈ మార్గంలో రుసుము లేదు. పరిహార పరిమితిని 2023లో 30 లక్షల నుంచి 50 లక్షల రూపాయలకు పెంచారు. ఛత్తీస్‌గఢ్‌వాసులు భోపాల్ కార్యాలయానికి, రెండు తెలుగు రాష్ట్రాలవారు హైదరాబాద్ కార్యాలయానికి వెళ్ళాలి. వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించడానికి రెండేళ్ళ గడువు ఉన్నది. డబ్బిచ్చి టికెట్టు కొన్న ప్రయాణికుడూ వినియోగదారుడే కనుక, సేవాలోపంపై అతని కుటుంబం కూడా బోటు నిర్వాహకునిపై అక్కడికి వెళ్ళవచ్చు.

టికెట్టు చీటీని భద్రపరచడం, సర్వే సర్టిఫికెట్ ఎక్కడ అని రేవులో ఒక్కసారి అడగడం, లైఫ్ జాకెట్ లేనిదే ఎక్కకపోవడం ప్రయాణికుని చేతిలోని పనులు. లారీ ఎక్కే ముందు స్టీరింగ్‌ను, ఫిట్‌నెస్ పత్రాన్ని చూసుకునే అలవాటు భిలాయి-3 డ్రైవర్లకు ఉన్నది. గంగ్రేల్‌కో గోదావరికో వెళ్ళినప్పుడు ఆ అలవాటును రేవు దాకా తీసుకువెళితే, ఆపద వేళ ఆ కుటుంబం ప్రభుత్వ దయ కోసం ఎదురుచూడకుండా తన హక్కును అడగగలుగుతుంది.