పట్టు వదలని బేరింగు

పాత విల్లీస్ జీపు షెడ్డుకొచ్చిందంటే ఇంజను సంగతి తర్వాత. ముందు చక్రాలు తిరుగుతాయా లేదా అన్నది తేలాలి. ఏళ్ల తరబడి చెట్టు కింద పడివున్న బండికి చాలాసార్లు తిరగవు. జాకీ మీద లేపి తిప్పబోతే కాస్త కదిలి ఆగిపోతాయి. బ్రేకు షూలు డ్రమ్ముకు అతుక్కున్నా ఇలాగే ఉంటుంది కాబట్టి ముందు బ్రేకు సడలించి చూస్తారు. అప్పటికీ మొరాయిస్తే హబ్బులో బేరింగు పట్టేసిందని అనుమానించాలి.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఈ సైనిక జీపులను ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. ఒక్కో చక్రం హబ్బులో రెండు చొప్పున ఎనిమిది టేపర్ రోలర్ బేరింగులుంటాయి. ముందు చక్రాలు పక్కలకు మళ్లే కింగ్‌పిన్నుల దగ్గర మరో నాలుగు. 1947 నుంచి విల్లీస్ జీపులను బొంబాయిలో మహీంద్రా కంపెనీ బిగించడం మొదలుపెట్టింది. అమెరికాలో ఆగిపోయిన నమూనాలు కూడా మన దేశంలో చాలా ఏళ్లు తయారయ్యాయి. విజయవాడ ఆటోనగర్‌లో పెద్ద మేస్త్రీలకు ఈ హబ్బు కొత్త కాకపోవడానికి కారణం అదే.

ఇరుసుకూ చక్రానికీ మధ్య గుండ్లు పెట్టి రాపిడి తగ్గించవచ్చని వేల్స్ దేశపు ఇనుప కార్ఖానాదారు ఫిలిప్ వాన్ 1794లోనే పేటెంటు తీసుకున్నాడు. కానీ గుండు ఒక్క బిందువు దగ్గరే ఆనుతుంది, పెద్ద బరువుకు చాలదు. పొడవాటి రోలరైతే గీత పొడవునా ఆనుతుంది కాబట్టి ఎక్కువ మోస్తుంది. అయితే బండి మలుపు తిరిగేటప్పుడు పక్కనుంచి వచ్చే తోపుడును తిన్నని రోలరు సరిగా తట్టుకోలేదు. ఈ చిక్కు విప్పినవాళ్లలో ముఖ్యుడు హెన్రీ టిమ్‌కెన్. జర్మనీలో పుట్టి, అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో గుర్రపు బళ్లు చేసి బాగుపడ్డ మనిషి. 1898లో మేనల్లుడితో కలిసి, ఒక చివర సన్నగా మరో చివర లావుగా ఉండే రోలర్ల బేరింగుకు పేటెంటు పొందాడు. రోలర్లనూ వాటి దారులనూ ఏటవాలుగా పొడిగిస్తూ పోతే ఆ గీతలన్నీ ఇరుసు మధ్యరేఖ మీద ఒకే బిందువులో కలుస్తాయి. అందువల్ల రోలరు ఈడ్చుకుపోకుండా దొర్లుతుంది. పై నుంచి పడే బరువునూ, పక్క తోపుడునూ ఒకే బేరింగు మోస్తుంది. నన్నడిగితే మోటారు బండికి ఇంజనుతో సమానంగా మేలుచేసిన ఆవిష్కరణ ఇదే. పేరు మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఈ బేరింగుకు భాగాలు రెండు. రోలర్లతో సహా లోపల ఉండేది కోను, బయట ఉండే రింగు కప్పు. చక్రంతోపాటు తిరిగే కప్పును హబ్బులో బిగుతుగా దిగగొడతారు. కదలని స్పిండిలు మీద కూర్చునే కోను మాత్రం చేత్తో జారేంత వదులుగా ఉంటుంది, నట్టు తిప్పి బేరింగులోని వదులును సరిచేసుకోవడానికి. అంటే కప్పు పుట్టుకతోనే బిగువు. కోనును బిగించేది తుప్పు.

ఆ తుప్పు ఎలా చేరుతుంది? బండి పరిగెత్తాక హబ్బు వేడెక్కి ఉంటుంది. ఆ వేడి మీదే వాగులో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోయి, సీలు అంచుల గుండా నీళ్లను లోపలికి పీల్చేస్తుంది. తర్వాత బండి నడుస్తూ ఉంటే, గ్రీజు మారుస్తూ ఉంటే ముప్పు తక్కువ. నిలిపేస్తేనే చేటు. నీళ్లు రోలరుకూ దారికీ మధ్య సందులో నిలిచిపోతాయి. విప్పి చూస్తే కప్పు మీద రోలర్ల ఎడంతోనే నల్లటి చారలు కనిపిస్తాయి. తుప్పు తాను తినేసిన ఇనుము కంటే కనీసం రెండింతలు చోటు ఆక్రమిస్తుంది. కోనుకూ స్పిండిలుకూ మధ్య ఉన్న సన్నటి సందు పూడిపోవడానికి అంతకంటే ఏం కావాలి?

ఇక ఊడదీయడం. చాలామంది ముందు సుత్తి అందుకుంటారు. గట్టిపరచిన ఉక్కు మీద గట్టి సుత్తి దెబ్బ పడితే పెచ్చు ఎగిరి కంట్లో గుచ్చుకోవచ్చు. కొట్టక తప్పకపోతే మధ్యలో ఇత్తడి కడ్డీ ఉండాలి, దెబ్బ ఒక పక్కా ఎదురు పక్కా మార్చి మార్చి పడాలి. ఒకే పక్క కొడితే కప్పు అడ్డంగా ఇరుక్కుని హబ్బును గీకేస్తుంది. పుల్లరు వాడేటప్పుడు దాని కొక్కేలు కోను వెనక అంచును పట్టుకోవాలి. రోలర్లను పట్టివుంచే గూడును లాగితే గూడు ఊడి చేతికొస్తుంది, కోను ఉన్నచోటే ఉంటుంది.

సుత్తి కంటే వేడి నమ్మకమైంది. జీపు హబ్బులో కప్పు వ్యాసం సుమారు 73 మిల్లీమీటర్లు. గ్రీజంతా తుడిచి హబ్బును 100 డిగ్రీలు అదనంగా వేడిచేస్తే దాని రంధ్రం 0.08 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వెంట్రుక మందమంత! కప్పు బిగువు సాధారణంగా అంతకంటే తక్కువే. కిటుకల్లా హబ్బు వేడెక్కి, కప్పు ఇంకా చల్లగా ఉన్న ఆ కాసేపట్లో పని ముగించడమే. నెమ్మదిగా కాస్తే రెండూ కలిసి పెరుగుతాయి, బిగువు అలాగే ఉంటుంది. స్పిండిలును మాత్రం మంటతో కాల్చకూడదు. ఉక్కు మీద నీలిరంగు తేలిందంటే వేడి 300 డిగ్రీల దాకా వెళ్లినట్టే, దాని గట్టిదనం తగ్గిపోవచ్చు.

దేనికీ లొంగని కప్పుకు వెల్డింగు మేస్త్రీల చిట్కా ఒకటుంది, నాకు అన్నిటికంటే ముచ్చటైనది ఇదే. కప్పు లోపలి ముఖం మీద చుట్టూ ఒక వెల్డింగు గీత పెడతారు. వేడికి కప్పు పెరగాలని చూస్తుంది, బయట హబ్బు పెరగనివ్వదు. దాంతో మెత్తబడ్డ లోహం తనలోకే నలుగుతుంది. చల్లారేటప్పుడు ముందున్న కొలత కంటే చిన్నదైపోతుంది. గంటల తరబడి సుత్తికి కదలనిది కొద్ది నిమిషాల్లో దానంతటదే జారి కింద పడుతుంది. ఈ పనికి ముందు క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనరుతో హబ్బును కడగకూడదు. వెల్డింగు వేడికి ఆ ఆవిరి నుంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

స్పిండిలుకు అంటుకున్న కోనుకు చికిత్స వేరు. రాత్రంతా డీజిలో, తుప్పు వదిలించే నూనో పట్టించి చూస్తారు. లాభం లేకపోతే గ్రైండరుతో కోనును ఏటవాలుగా కోసి, స్పిండిలుకు తగలకముందే ఆపి, ఆ గాడిలో ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తారు. లోపలిదాకా గట్టిపరచిన ఉక్కయితే టక్కున చీలుతుంది. పాత టేపర్ బేరింగుల్లో చాలావాటికి పైపొర గట్టి, లోపల మెత్తన. అవి అంత సులువుగా పగలవు, గాడి ఇంకాస్త లోతుగా కోయాలి.

కష్టపడి ఊడదీసిన బేరింగును, శుభ్రంచేస్తే పనికొస్తుంది కదా అని మళ్లీ బిగించే అలవాటు మనవాళ్లలో ఉంది. అది తప్పుడు పొదుపు. రోలరు ఆనేచోట చదరపు మిల్లీమీటరుకు వంద కిలోలకు మించిన ఒత్తిడి పడగలదు. తుప్పు తిన్న గుంట అంచు దాన్ని భరించలేక కొద్దికాలంలోనే పొరలుగా లేస్తుంది. కప్పూ కోనూ రెండూ కలిపి కొత్త జత వేయండి. కొత్త కప్పును రాత్రి ఫ్రీజరులో పెడితే కాస్త కుంచించుకుని సులువుగా దిగుతుంది. ఇంకొక్క మాట. పాత బ్రేకు షూల ధూళిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. దాన్ని గాలి పైపుతో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. సుత్తి పట్టేముందు కళ్లద్దాలు పెట్టుకోండి.